రెండంగుళాల పిల్ల, నాలుగడుగుల చేప

అక్వేరియం షాపుకి వెళ్లినవాళ్లని నిలబెట్టేసే చేపపిల్ల ఒకటుంది. దాని పేరు రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. పొడవు రెండు మూడంగుళాలే. వీపు నలుపు, తల నుంచి తోక దాకా పక్కల్లో మీగడ రంగు పట్టీ, తోకకి నారింజ ఛాయ. మూతి చుట్టూ మూడు జతల మీసాలు. వాటితో అడుగున ఉన్న గులకరాళ్లని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటూ తిరుగుతుంది. మేత గుళిక పడగానే నోరు తెరుస్తుంది. ఆ నోరు చూసినప్పుడే కొనేవాళ్లకి అనుమానం రావాలి. ఒంట్లో సగం తలే అనిపిస్తుంది, తలలో సగం నోరే.

ఇది అమెజాన్, ఒరినోకో నదుల చేప. అక్కడ మీటరు దాటి పెరుగుతుంది, 40 కిలోలు తూగినవి కూడా ఉన్నాయి. మన వాలుగలాగే రాత్రిపూట వేటాడే జాతి, నోట్లో పట్టినదల్లా మింగుతుంది. షాపులో ఆ మాట ఎవరూ చెప్పరు. “ఎంత పెరుగుతుందన్నా?” అని అడిగితే వచ్చే జవాబు ఊరూరా ఒకటే: “ట్యాంకుని బట్టి పెరుగుద్ది సార్.”

ఈ జవాబు తప్పు. ఎందుకు తప్పో, దాని వల్ల చేపకీ మన చెరువులకీ ఏం జరుగుతోందో వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది ఒక్క రెడ్‌టెయిల్ సంగతి కాదు. ఆస్కార్, సిల్వర్ అరోవానా, మొసలిలాంటి మూతితో ఉండే ఆలిగేటర్ గార్, ఎర్ర చారల జెయంట్ స్నేక్‌హెడ్, ఇవన్నీ పిల్లలుగానే అమ్ముడవుతాయి. పెరిగాక ఎలా ఉంటాయో కొన్నవాళ్లలో చాలామంది ముందుగా చూసి ఉండరు. ‘షార్క్’ పేరుతో వెండి రంగులో, నల్ల చారలతో గుంపుగా ఈదే పిల్లలు ఇంకా విచిత్రం. అది షార్క్ కానే కాదు, పంగాసియస్. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు ఎకరాల చెరువుల్లో పెంచి, ఐసు పెట్టెల్లో ఇతర రాష్ట్రాలకి లారీలెక్కించే చేప అదే. మెకాంగ్ నదిలో మీటరు దాటుతుంది. తీరా చూస్తే, చెరువులో కిలో దాటే చేపని రెండడుగుల గాజుపెట్టెలో పెట్టుకోమని అమ్ముతున్నారన్నమాట. గుంపులో బతికే ఈ చేప బెదిరిందంటే ఎదురుగా ఏముందో చూడకుండా దూసుకుపోతుంది. అందుకే ఇళ్లలో పెరిగే పంగాసియస్‌కి మూతి ఎప్పుడూ ఎర్రగా చీరుకుపోయి ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. చేప పొడవు రెట్టింపయితే బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. పొడవుతో పాటు వెడల్పూ ఎత్తూ కూడా పెరుగుతాయి కాబట్టి. 5 సెంటీమీటర్లప్పుడు కొన్న ఆస్కార్ 30 సెంటీమీటర్లకి చేరితే పొడవు ఆరింతలయింది, ఒళ్లు మాత్రం 216 ఇంతలయింది. బాగా చూసుకుంటే ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే అయిపోతుంది. ఆ తర్వాత పది, పదిహేనేళ్లు బతుకుతుంది. కొన్న రోజున కళ్లముందున్న చేప దాని జీవితంలో ఒక చిన్న మజిలీ మాత్రమే.

ఇక ట్యాంకుని బట్టి పెరుగుతుందన్న మాట. ఇందులో సగం నిజం ఉండబట్టే ఇది ఇన్నేళ్లు నిలిచింది. ఇరుకు నీళ్లలో చేప నెమ్మదిగా పెరుగుతుంది, నిజమే. అది ఎందుకో కొల్లేరు చుట్టుపక్కల చేపల రైతులకి శాస్త్రవేత్తలతో సమానంగా తెలుసు. వాళ్లు బొచ్చె, శీలావతి పిల్లలని చిన్న చెరువులో కిక్కిరిసేలా వదిలి, మేత తగ్గించి, ఏడాది పాటు కావాలనే ఎదగనివ్వకుండా ఉంచుతారు. తర్వాత పెద్ద చెరువులోకి మార్చి మేత పెంచితే ఆ పిల్లలు ఆగిపోయిన ఎదుగుదలంతా పూడ్చుకుంటున్నట్టు శరవేగంగా పెరుగుతాయి. చేప ఒళ్లు ట్యాంకుని కొలుచుకుని ‘ఇక చాలు’ అనుకోదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఇరుకు, ఆకలి, చెడిన నీళ్లు దాన్ని నొక్కి పెడతాయి, అంతే. చెరువులో అది కొన్నాళ్ల పని, ఆ తర్వాత విడుదల ఉంటుంది. ఇంట్లో గాజుపెట్టెలో విడుదల లేదు. నొక్కి పెట్టిన చేప వెన్ను వంగి, పొట్ట పీక్కుపోయి, రోగాలకి లొంగి, బతకాల్సిన ఏళ్లలో కొద్ది భాగమే బతికి పోతుంది. యజమాని మాత్రం “చూశారా, మా ట్యాంకుకి సరిపడా పెరిగి ఆగింది” అంటాడు.

చేపని నొక్కే శక్తుల్లో అన్నిటికంటే పెద్దది కంటికి కనపడదు. అది అమ్మోనియా. మాంసకృత్తుల్లోని నత్రజనిని మనం యూరియాగా మార్చి మూత్రంలో వదులుతాం. చాలా చేపలు ఆ శ్రమ పడవు, నేరుగా అమ్మోనియాగా, అదీ ఎక్కువగా మొప్పల ద్వారా నీళ్లలోకి వదిలేస్తాయి. నదిలో అది కొట్టుకుపోతుంది. ట్యాంకులో చేప ఊపిరి పీల్చే నీళ్లలోనే ఉండిపోతుంది.

ఎంత ఉండిపోతుందో కాగితం మీద వేసి చూడొచ్చు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో నిండా పోస్తే దాదాపు 250 లీటర్లు పడతాయి. అరకిలో దాటిన ఒక్క ఆస్కార్‌కి రోజుకి 10 గ్రాముల గుళికలు వేశామనుకుందాం. అందులో 45 శాతం మాంసకృత్తులైతే నత్రజని 0.72 గ్రాములు. దానిలో సగమే నీళ్లలో కలిసినా లీటరుకి రోజూ 1.4 మిల్లీగ్రాములపైన అమ్మోనియా నత్రజని చేరుతుంది. ఫిల్టర్‌లో పెరిగే బాక్టీరియా దీన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా మొప్పలని కాలుస్తుంది, నైట్రైట్ రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది, నైట్రేట్ వాటి పక్కన సాధువే. కానీ అది పేరుకుంటుంది. పై లెక్క ప్రకారం వారం తిరిగేసరికి లీటరుకి 45 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. మామూలు ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా నైట్రేట్‌ని మాయం చేయదు. మన పని నీళ్లు మార్చడం. ఒక్క ఆస్కార్‌కి వారానికి సగం ట్యాంకు, అంటే 125 లీటర్లు. వేసవిలో ట్యాంకర్ కోసం బారులు తీరే కాలనీల్లో ఈ నీళ్లు ఎక్కడివో కొనేముందే ఆలోచించుకోవాలి.

ఆ నీళ్లు ఎలాంటివన్నది ఇంకో ప్రశ్న. అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్ మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ రూపం ఒక శాతంలోపే. పీహెచ్ 8కి వెళితే 5 శాతం దాటుతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల క్షారం వైపే ఉంటాయి. కుళాయి నీళ్లలోనేమో క్లోరిన్. అది మొప్పలని కాలుస్తుంది, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాని కూడా చంపుతుంది. సోడియం థయోసల్ఫేట్ కలిపి విరిచాకే పోయాలి. చిన్న ట్యాంకులో ఒక చెంబు నీళ్లు మార్చేటప్పుడు బయటపడని పొరపాటు, వంద లీటర్లు ఒక్కసారి మార్చినప్పుడు చేప ప్రాణం మీదకి తెస్తుంది.

ఎండాకాలం వచ్చిందంటే ఆక్సిజన్ కూడా చాలదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాములపైన కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీలకి ఏడున్నరకి పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో జీవక్రియ పెరిగి ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం కరెంటు పోతే చిన్న చేపలు ఓ మూడు గంటలు నెట్టుకొస్తాయేమో, రెండు కిలోల క్యాట్‌ఫిష్‌కి అది గండమే. మూసి ఉన్న ఫిల్టర్‌లో నీళ్ల కదలిక ఆగి, బాక్టీరియా కూడా ఊపిరాడక చచ్చిపోవడం మొదలవుతుంది. కరెంటు వచ్చాక ఫిల్టర్ ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి కొడుతుంది. పెద్ద చేపలున్న ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పకుండా ఉండాలి.

కొన్ని వేటచేపలు ఈ కష్టాలన్నిటినీ తట్టుకున్నట్టు కనిపిస్తాయి. అక్కడే మోసపోతాం. ఆలిగేటర్ గార్ గాలితిత్తితో నేరుగా గాలి పీలుస్తుంది. అరపైమా అనే ఇంకో పెద్దచేప అయితే కొద్ది కొద్ది నిమిషాలకి పైకొచ్చి గాలి పీల్చకపోతే మునిగి చచ్చిపోతుంది. మన కొర్రమీనుకి మొప్పల పైన గాలి పీల్చే గది ఉంది. అందుకే హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌లో టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లలో కూడా కొర్రమీను బతికే ఉంటుంది. ఈ శక్తి వాటికి ఎండిపోయే మడుగుల నుంచి వచ్చింది. దాన్ని చూసి “గట్టి చేప, ఎలాంటి నీళ్లైనా పర్లేదు” అనుకోవడం అన్యాయం. గాలి పీల్చినంత మాత్రాన అమ్మోనియా ఆ మొప్పలని, చర్మాన్ని, కళ్లని వదిలిపెట్టదు. వేరే చేపైతే ఒక్క రోజులో చచ్చి మనకి తప్పు తెలియజేస్తుంది, ఇది నెలల తరబడి బాధపడుతూ బతుకుతుంది.

మేత విషయంలోనూ పెంపకందార్ల మధ్య పెద్ద తగవు ఉంది. బతికున్న గోల్డ్‌ఫిష్‌ని ట్యాంకులోకి వదిలి, వేటని ఫోన్‌లో వీడియో తీసుకోవడం కొందరికి సరదా. “అడవిలో అది చేసేది అదే కదా” అంటారు. అడవిలో అది తినేది రకరకాల చేపలు, పురుగులు, పీతలు. ట్యాంకులో రోజూ గోల్డ్‌ఫిష్ ఒక్కటే. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేస్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని విరిచేస్తుంది. నెలల తరబడి అదే తింటే వేటచేపకి నరాల జబ్బు వస్తుంది, ఈదడంలో తూలుతుంది. పైగా మేత కోసం అమ్మే గోల్డ్‌ఫిష్‌లు కిక్కిరిసిన తొట్టెల్లో పెరిగినవి, రోగాలూ పరాన్నజీవులూ వాటితోనే వస్తాయి. చికెన్ లివరు, మటన్ ముక్కలు వేసేవాళ్లూ ఉన్నారు. చేప ఆ కొవ్వుని సరిగా అరిగించుకోలేదు, అది కాలేయంలో పేరుకుంటుంది. తల, పెంకు తీసిన రొయ్య, చిన్న చేప ముక్కలు, మంచి గుళికలు మార్చి మార్చి వేస్తే దాదాపు ఏ వేటచేపైనా చచ్చిన మేతకి అలవాటు పడుతుంది. కొన్ని రోజులు ఆకలితో మొండికేస్తుంది. పెంచేవాళ్లు ఓపిక పట్టాలి. ఎదిగిన చేపకి రోజూ మేత అక్కర్లేదు, వారానికి రెండు మూడుసార్లు చాలు. బొద్దుగా ఉన్న చేప ఆరోగ్యంగా ఉందనుకోవడం పిల్లల విషయంలో చేసినట్టే ఇక్కడా చేస్తున్న తప్పు.

చేపకి మనసు ఉందా అన్న ప్రశ్న ఈ చర్చకి దూరమైనదేమీ కాదు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల మూతిలో నొప్పిని పసిగట్టే నాడులు ఉన్నాయని చూపించింది. ఆమ్లం సూది వేసిన చేపలు మూతిని గులకరాళ్లకి రుద్దుకున్నాయి, మేత మానేశాయి. చేప మెదడులో మనకున్నటువంటి కార్టెక్స్ లేదు కాబట్టి దాన్ని నొప్పి అనడానికి వీల్లేదని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ కీ వాదించారు. 2016లో వచ్చిన ఇంకో పరిశోధనలో, నీటి చుక్కని ఉమ్మి పురుగుని పడగొట్టే ఆర్చర్‌ఫిష్ మనుషుల ముఖాల్లో ఒకదాన్ని మిగతావాటి నుంచి గుర్తుపట్టడం నేర్చుకుంది. ఆస్కార్ పెంచినవాళ్లకి ఇది కొత్త వార్త కాదు. మేత వేసే మనిషి గదిలోకి రాగానే అది గాజు దగ్గరికి వస్తుంది. కొత్తవాళ్లొస్తే వెనక్కి తగ్గుతుంది. తను పేర్చుకున్న రాళ్లని మనం సర్దితే మళ్లీ నోటితో కరచి తనకి నచ్చిన చోటికి లాక్కెళ్తుంది. నీళ్లన్నీ ఒక్కసారి మార్చిన రోజున కొన్ని ఆస్కార్‌లు పక్కకి ఒరిగి, రంగు మాసి, అడుగున పడుకుంటాయి. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు. గంట తర్వాత లేచి మామూలుగా తిరుగుతుంది. నొప్పి గురించి తగవు ఎటు తేలినా, ఇంతగా పరిసరాలని పట్టించుకునే జీవిని ఒంటి పొడవుకి రెండింతలు కూడా లేని పెట్టెలో పదేళ్లు ఉంచడం సమర్థించుకోదగ్గ పని కాదని నా అభిప్రాయం.

ఇంకో ఉదాహరణ సిల్వర్ అరోవానా. వరదకి మునిగిన అమెజాన్ అడవిలో నీటి పైపొరకి ఆనుకుని ఈదుతుంది. కొమ్మ మీది పురుగు కనబడితే నీళ్లలోంచి పైకి ఎగిరి పట్టుకుంటుంది. కింద ఏముందో దానికి పట్టదు, దాని నోరు కూడా పైకే తిరిగి ఉంటుంది. ట్యాంకులో ఏం జరుగుతుంది? మూత సరిగా లేకపోతే ఓ రాత్రి ఎగిరి నేల మీద పడి తెల్లారేసరికి ఎండిపోయి కనబడుతుంది. మూత గట్టిదైతే మూతి పగులుతుంది. రెండడుగుల వెడల్పు ట్యాంకులో రెండున్నర అడుగుల చేప ప్రతి మలుపుకీ వెన్నెముకని విల్లులా వంచాలి. కొన్నేళ్లకి చాలా అరోవానాల కన్ను కిందికి జారిపోతుంది. కంటి వెనక కొవ్వు అని కొందరు, ఎప్పుడూ కిందికే చూడాల్సి రావడం వల్ల అని కొందరు. అదృష్టం తెస్తుందని, వాస్తుకి మంచిదని హాల్లో పెట్టుకునే చేప ఇది. దాని చుట్టమైన ఆసియా అరోవానా అయితే అంతరించిపోయే ముప్పుతో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ మొదటి జాబితాలో ఉంది. అనుమతి ఉన్న ఫారాల్లో పుట్టి, ఒంట్లో మైక్రోచిప్ ఉన్నవి మాత్రమే చట్టబద్ధంగా దేశాలు దాటుతాయి. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ సైటీస్ జాబితాలని నాలుగో షెడ్యూల్‌లోకి తెచ్చింది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవిని ఇంట్లో పెంచుకునేవాళ్లు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. రెండో జాబితాలో ఉన్న అరపైమాకీ ఇదే వర్తిస్తుంది. ఆలిగేటర్ గార్, రెడ్‌టెయిల్ ఆ జాబితాల్లో లేవు కాబట్టి వాటికి ఈ నమోదు నియమం వర్తించదు.

అసలు ఇలాంటి చేపలని ఇళ్లలో పెంచొచ్చా? దీని మీద ప్రపంచమంతా వాదన సాగుతోంది. బ్రిటన్‌లో ‘బిగ్ ఫిష్ క్యాంపెయిన్’ పేరుతో పబ్లిక్ అక్వేరియాలు కలిసి ప్రచారం చేశాయి. పెరిగిపోయిన రెడ్‌టెయిల్‌నీ, పాకూ అనే ఇంకో పెద్దచేపనీ తీసుకోమని జనం పదే పదే అడుగుతుంటే పెట్టుకోవడానికి చోటు లేక, అసలు అమ్మడమే ఆపమని షాపులని కోరాయి. ఎదుటి పక్షం పెంపకందార్లది. ఎన్నో చేపలు ఎలా గుడ్లు పెడతాయో, పిల్లలని ఎలా కాస్తాయో మొదట గమనించింది తామేనంటారు. అది నిజమే. ఇంటి వెనక షెడ్డు కట్టి, వేల లీటర్ల సిమెంటు తొట్టి పోసి, నీటిని రోజూ పరీక్షించి పెంచేవాళ్లు ఉన్నారు. వాళ్లని కాదనడానికి నాకు కారణం కనబడలేదు. వాళ్ల దగ్గరున్న చేప కొన్ని జూలలో చేపకంటే సుఖంగా ఉంటుంది.

నాకు ఒప్పుకోవడం కష్టమైంది మూడో వాదన. ఎక్కువమంది చేసేదీ అదే: “ఇప్పటికి చిన్న ట్యాంకు చాలు, పెరిగాక పెద్దది కొందాం.” చేప ఏడాదిలో అడుగు దాటుతుంది. ఏడాదిలో మన జీతం అంత పెరగదు, ఇల్లు అసలే పెరగదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకులో నీళ్లే 680 కిలోలు. గాజు, స్టాండు, రాళ్లు కలిస్తే 800 కిలోలు దాటుతుంది. మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లు ఇంటి ఓనరుని ఏమని ఒప్పిస్తారు? అంత చేసినా అది రెడ్‌టెయిల్‌కి చాలదు. చేప పొడవుకి నాలుగింతల పొడవు, చేప పొడవుకి ఒకటిన్నర రెట్ల వెడల్పు కనీసం ఉండాలన్నది నేను పెట్టుకున్న కొలత. ఆ లెక్కన 1.2 మీటర్ల చేపకి దాదాపు 16 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు తొట్టి కావాలి, అందులో 6,000 లీటర్లపైన నీళ్లు. తర్వాత చూద్దాం అన్నవాళ్లలో ఈ తొట్టి కట్టేది ఎందరు?

కట్టలేనివాళ్లు చివరికి చేసే పని ఒకటుంది. మన దగ్గర అది జాలి పేరుతోనే జరుగుతుంది. “చంపడానికి చేతులు రాలేదు, చెరువులో వదిలేశాం. ఎక్కడో బతుకుతుందిలే.” ప్రాణాన్ని కాపాడామన్న తృప్తి కూడా మిగులుతుంది. ఆ చెరువులో ఉన్న ప్రాణాల సంగతి ఎవరికీ గుర్తురాదు.

2002లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, క్రాఫ్టన్ ఊళ్లో ఒక మడుగులో చైనా జాతి నార్తర్న్ స్నేక్‌హెడ్ దొరికింది. ఇది మన కొర్రమీనుకి దగ్గరి చుట్టం. విచారిస్తే తేలిందేమిటంటే, ఒకాయన జబ్బుపడిన సోదరికి సూపు చేసిపెట్టడానికి బతికున్న రెండు చేపలని న్యూయార్క్ నుంచి తెప్పించాడు. అవి వచ్చేసరికి ఆమె కోలుకుంది. చేపలని ఇంట్లో అక్వేరియంలో పెట్టాడు, అవి పెరిగాయి, మేత పెట్టలేక మడుగులో వదిలేశాడు. రెండంటే రెండు చేపలు. వాటిని ఏరిపారేయడానికి ఆ మడుగులో రోటెనోన్ విషం కలపాల్సి వచ్చింది, అప్పుడు వెయ్యికి పైగా పిల్లలు తేలాయి. అదే ఏడాది అక్టోబరులో అమెరికా స్నేక్‌హెడ్ కుటుంబం మొత్తాన్ని హానికర జీవుల జాబితాలో చేర్చింది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కూడా ఆ కుటుంబంలోదే. అందుకే అక్కడున్న మనవాళ్లు బతికున్న కొర్రమీనుని దేశంలోకి తెచ్చుకోవడం చట్టప్రకారం నేరం. ఇక్కడ మడుగులో తన పిల్లల గుంపుని కాపలా కాసుకుంటూ అందరూ మెచ్చే చేప, తనది కాని నీళ్లలో పడితే విపత్తవుతుంది. తప్పు దాని స్వభావానిది కాదు, అక్కడికి చేర్చిన చేతులది.

మన దేశంలోనూ ఇలాంటివి వరసగా వింటున్నాం. 2018 ఆగస్టు వరదల తర్వాత కేరళలో చాలకుడి నదిలో అరపైమాలు, ఆలిగేటర్ గార్‌లు వలలకి చిక్కాయి. పెంపకం చెరువుల నుంచి వరద వాటిని నదిలోకి మోసుకొచ్చింది. 2023 మే నెలలో శ్రీనగర్ దాల్ సరస్సులో నాచు తీస్తుంటే ఆలిగేటర్ గార్ బయటపడింది. ఉత్తర అమెరికాలో ఇది ఎంత పెరుగుతుందో తెలియాలంటే, 2011లో మిసిసిపీ రాష్ట్రంలో పట్టిన దాని బరువు 148 కిలోలు, పొడవు రెండున్నర మీటర్లు. దశాబ్దాల తరబడి బతుకుతుంది. దాని గుడ్లు తింటే మనిషికి కూడా విషమే.

వేటచేప కాకపోయినా మన కళ్లముందే పాఠం చెప్పిన చేప ఇంకొకటుంది. ట్యాంకు గాజు మీద పాచి తింటుందని కొనుక్కునే, ఒంటి నిండా ముళ్ల కవచం ఉన్న సక్కర్ క్యాట్‌ఫిష్. అక్వేరియాల నుంచి చెరువుల్లోకీ కృష్ణా నదిలోకీ చేరి, జాలర్ల వలలు చింపుతోంది. వలకి చేపలకి బదులు అవే పడితే ఆ రోజు కూలి పోయినట్టే, తెగిన వల ఖర్చు అదనం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలో కరిగి ఉన్న డీఎన్ఏని బట్టి దీని జాడ పట్టే పద్ధతిని తయారుచేశారు. తూర్పు కనుమల జలాశయాల్లో దాదాపు 60 శాతానికి ఇది పాకిపోయిందని వాళ్లు తేల్చారు. వీటిలో మొదటివాటిని ఎవరో ఒకరు జాలిపడి వదిలే ఉంటారు.

ఇప్పటికే ఇంట్లో పెద్దచేప ఉన్నవాళ్లు ఏం చేయాలి? మొదట కొన్న షాపుకే తిరిగి ఇచ్చి చూడాలి. డబ్బు రాకపోయినా సరే. పెద్ద తొట్టెలున్న పెంపకందార్లని వెతకాలి, ప్రతి పెద్ద ఊళ్లో కొందరుంటారు. జూలు, పబ్లిక్ అక్వేరియాలు అరుదుగానే తీసుకుంటాయి, అయినా అడగాలి. ఏ దారీ లేకపోతే, చేప జబ్బుపడి కుంగిపోతుంటే, పశువైద్యుని సలహాతో లవంగ నూనె మోతాదుకి మించి కలిపిన నీళ్లలో ఉంచి స్పృహ తప్పించి ప్రశాంతంగా ముగించడమే దయ. అది వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ చెరువులో వదలడం కంటే అది చేపకీ మేలు, చెరువుకీ మేలు.

వేటచేప అంటేనే మోజు ఉన్నవాళ్లకి దారులు మూసుకుపోలేదు. ఆస్కార్ కావాలంటే ఆరడుగుల ట్యాంకు పెట్టి ఒకటో రెండో పెంచండి. ఇంకా మంచి ఆలోచన, మన దేశపు వాగుల్లో దొరికే చన్నా గచువా అనే మరుగుజ్జు కొర్రమీను జాతి. జానెడు దాటి పెద్దగా పెరగదు. మగచేప గుడ్లనీ పిల్లలనీ నోట్లో దాచుకుని కాపాడుతుంది. గట్టి మూత ఉన్న నాలుగడుగుల ట్యాంకులో దాని వేట, దాని కాపురం అన్నీ చూడొచ్చు.

షాపుల వాళ్లకి ఒక విన్నపం. ప్రతి ట్యాంకు మీద ధర రాసినట్టే, ఆ చేప పూర్తిగా ఎదిగితే ఎంత పొడవుంటుందో, ఎన్నేళ్లు బతుకుతుందో రాసి పెట్టండి. మత్స్యశాఖ దీన్ని తప్పనిసరి చేస్తే ఇంకా మంచిది. అప్పటిదాకా కొనేవాళ్లే అడగాలి. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్, ఆలిగేటర్ గార్, అరపైమా, ‘షార్క్’ పేరుతో అమ్మే పంగాసియస్, ఈ నాలుగింటినీ ఇంటి అక్వేరియం కోసం అమ్మకూడదు, కొనకూడదు. పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా షాపులోనే వదిలి రండి.